పెద్ద లేక్ ట్రౌట్‌కు పొట్టి రాడ్డా, పొడుగు రాడ్డా?

టొరంటోకు ఉత్తరాన ఉన్న సిమ్కో సరస్సు గడ్డకట్టగానే, మంచులో రంధ్రం తొలిచి లేక్ ట్రౌట్ అనే చేపకు గాలం వేయడానికి బయలుదేరేవారికి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది: 28 అంగుళాల గాలపు రాడ్ కొనాలా, 40 అంగుళాలదా?

చోటు: మంచు మీద వేసుకున్న గుడారంలో కూర్చుని పట్టడానికి పొట్టిదే అనువు, పొడుగుదాన్ని పైకెత్తితే కొస పైగుడ్డకు తగులుతుంది.

కొక్కెం దిగడం: 80 అడుగుల లోతున చేప ఎరను అందుకుని పైకి ఈదుకొస్తే దారం ఒక్కసారిగా వదులైపోతుంది. ఆ వదులును ఒకే ఊపులో లాగేయడానికి పొడుగు రాడ్డే నమ్మదగినది.

పోరు: అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. పెద్ద ట్రౌట్ రంధ్రం దాకా వచ్చి, తల విదిలించి, మళ్లీ లోతుకు దూకుతుంది. సాగని అల్లిక దారం వాడేటప్పుడు ఆ కుదుపును మింగవలసింది రాడ్ వంపే కనుక, గట్టి పొట్టి రాడ్‌తో ఆ భారమంతా కొక్కెం మీదా రీలు డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగువుతో వదిలే బ్రేకు) మీదా పడుతుంది. ఏ రాడ్ పట్టినా, దారం మంచు అంచుకు రాసుకోకుండా కొసను రంధ్రంలోకి దించడం మరవకూడదు.

జాగ్రత్త: పొడుగు గ్రాఫైట్ రాడ్‌ను స్లెడ్‌లో (మంచు మీద లాగే బండిలో) విడిగా పడేస్తే దెబ్బ తగిలి విరగవచ్చు, కాబట్టి గట్టి పెట్టె ఖర్చునూ కలుపుకోవాలి.

చిన్న గుడారంలో రోజంతా గడిపేవారు 28 అంగుళాలది తీసుకుని, డ్రాగ్‌ను కాస్త వదులుగా ఉంచుకోవాలి. ఆరుబయట నిలబడి, రంధ్రం నుంచి రంధ్రానికి తిరుగుతూ పెద్ద చేప కోసమే వెతికేవారు మాత్రం 40 అంగుళాలదే కొనాలి.