ఫారెక్స్ యాప్‌లో పైసలు వేసే ముందు క్యూఆర్ వెనక ఉన్న పేరు చదవండి

మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దిక్కు ఎవరి ఫోన్‌కైనా ఫారెక్స్ (విదేశీ కరెన్సీల ట్రేడింగ్) బ్రోకర్ లింకు వచ్చి ఉంటే ఇది చదివినంకనే డిపాజిట్ సంగతి చూడండి. వడ్లు, పత్తి, బత్తాయి అమ్మిన పైసలు ఖాతాలో ఉన్నవాళ్లు ముఖ్యంగా.

డిపాజిట్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. స్కాన్ చేయండి, పిన్ మాత్రం కొట్టొద్దు. పైన వచ్చే పేరు చదవండి. యాప్ చెప్పుకునేది లండన్ కంపెనీ, సైప్రస్ లైసెన్సు. ఫోన్‌పేలో కనబడేది మాత్రం ఏదో ఎంటర్‌ప్రైజెస్, ఏదో ట్రేడర్స్, కాదంటే ఎవరో ఒక మనిషి పేరు. కాసేపాగి మళ్ళీ తెరిస్తే ఇంకో పేరు. ఇవి కమీషన్‌కు వాడుకునే ఖాతాలు. ఒకటి ఫ్రీజ్ అయితే ఇంకొకటి దించుతారు. అక్కడికే మీకు అర్థం కావాలి, అది బ్రోకరేజీ కాదని.

ఎంటీ5 (మెటాట్రేడర్ 5) అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి అసలుదే అనుకోవద్దు. అది సాఫ్ట్‌వేర్ మాత్రమే. సర్వర్ వాళ్ల చేతిలో ఉంటే తెర మీద అంకె కూడా వాళ్ల చేతిలోనే. మొదట 5 వేలు వేస్తే 6 వేలు తీసుకోనిస్తారు. ఆ వెయ్యి వాళ్లకు ఎర ఖర్చు. తర్వాత 2 లక్షలు వేసి విత్‌డ్రా కొడితే '30 శాతం ట్యాక్స్ ముందు కట్టండి' అంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్ ప్రభుత్వానికి కడతాం, బ్రోకర్ క్యూఆర్‌కు కాదు. నిజంగా కోయాల్సింది ఉంటే మీ బ్యాలెన్స్‌లోంచే కోస్తారు కదా, పైనుంచి అడగడం ఎందుకు?

నిజాయతీగా ఆర్డర్ వేసే చోట కూడా 1:500 లెవరేజ్, అంటే చేతిలో ఉన్నదానికి 500 రెట్ల పందెం, మనిషిని ఆగం చేస్తుంది. సుమారు 100 యూరోల మార్జిన్‌తో (పూచీగా పెట్టే సొమ్ముతో) 50,000 యూరోల పొజిషన్ తీసుకుంటారు. యూరో-డాలర్‌లో అప్పుడు ఒక పిప్‌కు (రేటులో 0.0001 కదలికకు) 5 డాలర్లు. 20 పిప్‌లు ఎదురు తిరిగితే 100 డాలర్లు పోయినట్టే, అంత కదలిక ఒక్క పూటలో వస్తుంది.

చట్టం సంగతి ఇంకా గట్టిది. విదేశీ బ్రోకర్‌కు మార్జిన్ పంపడం ఫెమా (విదేశీ మారక చట్టం) కింద కుదరదు. విదేశాలకు ఏడాదికి 2,50,000 డాలర్లు పంపొచ్చనే రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ వెసులుబాటు కూడా దీనికి వర్తించదు. కేసు అయితే జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా. అనుమతి లేని ఫారెక్స్ సంస్థల మీద రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అలర్ట్ లిస్ట్ 2022 సెప్టెంబరులో 34 పేర్లతో మొదలై పెరుగుతూ వచ్చింది. లిస్టులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఆర్‌బీఐయే చెప్పింది. ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో డాలర్-రూపాయి ట్రేడ్ చేయాలన్నా 2024 మే నుంచి మీకు నిజమైన విదేశీ మారక అవసరం, అంటే ఎగుమతో దిగుమతో లాంటిది, ఉండాలి. ఊరికే పందెం కాయడానికి దారి లేదు.

షేర్ మార్కెట్‌ను చూసే సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకరే అని వాళ్లంటే ఐఎన్‌జెడ్ (INZ)తో మొదలయ్యే నంబరు అడిగి సెబీ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. వాళ్లు పంపిన సర్టిఫికెట్ ఫొటో నమ్మొద్దు. 2025 అక్టోబరు నుంచి రిజిస్టర్డ్ బ్రోకర్ల యూపీఐ ఐడీలో 'ఎట్' గుర్తు తర్వాత 'వ్యాలిడ్' అనే మాట, బ్యాంకు పేరు వస్తాయి. పే చేసేటప్పుడు పచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనబడాలి.

యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో కాయిన్) అమ్మి పైసలు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. వచ్చేది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్మైతే వేరే రాష్ట్రం పోలీసులు మీ ఖాతా మీదే లియన్ పెట్టిస్తారు, అంటే ఆ సొమ్ము తీయకుండా ఆపిస్తారు. పంట లోన్ ఖాతా కూడా అదే అయితే ఇంక చూడండి తిప్పలు.

ఇప్పటికే పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపాలి కాబట్టి తెల్లారేదాకా ఆగొద్దు. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు, టైము, వెళ్లిన ఖాతా పేరు దగ్గర పెట్టుకోండి. యాప్ డిలీట్ చేయొద్దు, వాళ్లు మిమ్మల్ని చేర్చిన చాట్ గ్రూపులోంచి బయటికి రావొద్దు, ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ తర్వాత 'పోయినవి ఇప్పిస్తాం, ఫీజు 10 వేలు' అని ఫోన్ వస్తే మీ నంబరు అమ్మింది పాత ముఠాయే కావచ్చు, ఎత్తొద్దు.