ప్రాజెక్టులో ఆర్‌ఏనా, సొంత ఫెలోషిప్పా: పోస్ట్‌డాక్‌కి ఏది మేలు?

బెంగళూరు మత్తికెరెలో మా రూమ్ కింద ఓ ఆంధ్రా మెస్ ఉంది. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేసి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నాళ్లు చేసే పరిశోధన) కోసం చూస్తున్న తెలుగు పిల్లలు పప్పన్నం కలుపుకుంటూ అడిగేది ఒకటే: "అన్నా, ప్రొఫెసర్ ప్రాజెక్టులో చేరిపోనా, ఫెలోషిప్ వచ్చేదాకా ఆగనా?"

బయాలజీ, కెమిస్ట్రీ లాంటి ల్యాబ్ సబ్జెక్టులైతే చేరిపొమ్మంటాను. కేంద్ర ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్ (ఆర్‌ఏ) జీతం 2023 జనవరి నుంచి మూడు మెట్లలో నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. ఖాళీ ఉంటే పిలుపు త్వరగానే వస్తుంది. చిక్కల్లా ఆర్డరు ఆరు నెలలకో ఏడాదికో ఇవ్వడం, పని ప్రొఫెసర్‌ది కావడం. నేను మొదట చేరిన ల్యాబ్‌లో గ్రాంటు ఆగి నాలుగు నెలలు జీతం పడలేదు. అడ్వాన్సులోంచి అద్దె కోసుకోమని ఓనరును బతిమాలాను.

అదే కేంద్రం ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ అయితే రెండేళ్లు నిశ్చింత, ప్రాజెక్టు మనదే. కానీ దానికీ ఓ మెంటార్ ఒప్పుకోవాలి. ఎలాగూ ప్రొఫెసర్‌ని పట్టక తప్పదు కాబట్టి ల్యాబ్‌లో ఉండి అప్లై చేయడమే నయం. బయటి నుంచి రాసేవాళ్లు ఒకే మెయిల్‌ను నలభై మందికి కొడతారు, పైన పేరు మార్చడం కూడా మర్చిపోతారు! నువ్వు రాసే ప్రొఫెసర్ తాజా పేపర్లు రెండు చదివి, నువ్వైతే తర్వాత ఏ ప్రయోగం చేస్తావో నాలుగు వాక్యాల్లో రాయి. జవాబొచ్చేది దానికే.

థియరీ వాళ్ల దారి వేరు. ఇక్కడి ఐసీటీఎస్, చెన్నైలోని ఐఎంఎస్సీ లాంటి ఫిజిక్స్, మ్యాథ్స్ థియరీ పరిశోధన కేంద్రాల్లో సంస్థే పోస్ట్‌డాక్‌లను తీసుకుంటుంది.

సోషల్ సైన్స్‌కొస్తే నా సలహా తిరగబడుతుంది. నా రూమ్మేట్‌ది ఎకనామిక్స్. ప్రాజెక్టు పోస్టని చేరితే ఏడాదంతా తుమకూరు పల్లెల్లో సర్వే, తర్వాత డేటా శుభ్రం చేయడం. రిపోర్టు మీద వేరేవాళ్ల పేరు, వాడి పేరు మీద ఒక్క వ్యాసం లేదు. వీళ్లకి ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సోషల్ సైన్స్ పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ) ఫెలోషిప్ మేలు: రెండేళ్లు, వయసు 45 దాకా. ఇక్కడి నాగరభావిలోని ఐసెక్, చెన్నై అడయారులోని ఎంఐడీఎస్ లాంటి సోషల్ సైన్స్ పరిశోధన సంస్థలో చేరి థీసిస్‌ను పుస్తకంగా మలుచుకోవచ్చు. ఫలితం వచ్చేదాకా గెస్ట్ లెక్చరర్‌గా నెట్టుకురావాలి, ఆ టెన్షన్ మాత్రం తప్పదు.

సైన్స్ వాళ్లకి ఇంకో మాట. నేషనల్ ఫెలోషిప్‌కి వయసు గీత 35. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. సడలింపు లేకుండా 33 దాటితే మాత్రం పైన చెప్పింది పక్కనపెట్టి ముందు ఫెలోషిప్ ఫారమే నింపు. ఆర్‌ఏ పోస్టు తర్వాతైనా దొరుకుతుంది.