కేజీహెచ్ గేటు దగ్గర సేవాసంఘాలు: మధ్యాహ్నం పుష్కలం, రాత్రి కరువు

విశాఖలో పెట్టే చేతులకు లోటు లేదు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు, గుళ్ల కమిటీలు, చర్చిలు, మసీదులు, వ్యాపారుల ట్రస్టులు, కాలేజీ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులు... అందరూ ఏదో ఒకరోజు మహారాణిపేట వచ్చి కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) గేటు దగ్గర బండి ఆపేవాళ్లే. 1923లో మొదలైన ఈ పెద్దాసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు నుంచే కాదు, ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచీ రోగులొస్తారు. రోగికి మంచం, భోజనం ఆసుపత్రి చూస్తుంది. కూడా వచ్చినవాళ్ల తిండి, పడక వాళ్లే చూసుకోవాలి. వాళ్లకు అందుతున్న సేవ ఎలా ఉందన్నదే ఇక్కడి సంగతి.

ముందు భోజనం. పన్నెండు నుంచి రెండు లోపు అన్నం దొరకని రోజు అరుదు. గురువారం బాబా భక్తులు, శనివారం వెంకన్న మొక్కులవాళ్లు, ఆదివారం సెలవు దొరికిన ఉద్యోగులు. ఒకేసారి మూడు వ్యాన్లు ఆగిన రోజున సగం తిన్న పొట్లాలు చెత్తకుండీలో కనబడతాయి. అదే రోజు రాత్రి ఎనిమిదిన్నరకు చూడండి, ఒక్క బండీ ఉండదు. అన్న క్యాంటీన్లు ఉన్నాయి నిజమే. పూటకు 5 రూపాయలు, మధ్యాహ్నమైతే 400 గ్రాముల అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు. కానీ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఆదివారం సెలవు. ఐసీయూ బయట కూర్చున్న మనిషి లోపలి నుంచి పిలుపు ఎప్పుడొస్తుందో అని అక్కణ్ణుంచి కదలడు. అలాంటి మనిషికి రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య అనుమతి తీసుకుని వార్డు వరండా దాకా రెండు చపాతీలు, కూర పట్టుకెళ్లే సంఘం ఒక్కటున్నా, పగలు గేటు దగ్గర వెయ్యి పొట్లాలు పంచిన సంఘం కంటే దానికే ఎక్కువ మార్కులు వేయాలి.

వంట విషయంలో పులిహోర చేసేవాళ్లే తెలివైనవాళ్లు. 100 మందికి 10 నుంచి 12 కిలోల బియ్యం, కిలో పైచిలుకు చింతపండు, లీటరున్నర నూనె. పులుపు, నూనె ఉంటాయి, తడి తక్కువ, కాబట్టి పూటంతా నిలుస్తుంది. సాంబారన్నం దగ్గరే దెబ్బతింటారు. వండేవాళ్లు డ్యూటీకి వెళ్లాలని ఉదయం ఏడింటికే పని ముగించి, వేడివేడిగా కవర్లలో మూటకట్టేస్తారు. లోపల ఆవిరి నీరుగా దిగుతుంది, పప్పూ కూరముక్కలూ ఆ గోరువెచ్చటి తడిలో అయిదారు గంటలు నానతాయి. సముద్రపు ఉక్కకు పన్నెండున్నరకల్లా జిగురు సాగి పుల్లటి వాసన వేస్తుంది. పదింటికి వండి, అన్నం ఒక గిన్నెలో, సాంబారు ఇంకో గిన్నెలో పొగలు కక్కుతుండగా తెచ్చి, అడ్డాకు విస్తరిలో గరిటెతో వడ్డించే సంఘాలకు ఈ బాధ లేదు. వడ్డించేలోపు చల్లారిపోకుండా, పెద్ద గిన్నె మూత తెరిచి ఉంచకుండా చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం తోడుకోవాలి. పెరుగన్నమైతే చల్లార్చిన పాలు ఎక్కువ, పెరుగు తోడుకు సరిపడా వేసి కలపాలి. పంచే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. ముందే పెరుగు దండిగా వేస్తే పులిసిపోతుంది. ఎండాకాలంలో చోడంబలి (రాగి అంబలి), ఉల్లిపాయ ఇచ్చేవాళ్లు కొందరున్నారు. అంతకు మించిన దానం ఆ నెలల్లో లేదు.

పొట్లం తీసుకున్నవాళ్లు అందులో కాస్త రోగికీ పెడతారు. దాతలు దీన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులకు ఉప్పు, చింతపండు, అరటిపండు పడవు. అరటిపండులోని పొటాషియం కిడ్నీలు పనిచేయని ఒంట్లో పేరుకుని గుండె మీదికి తెస్తుంది. పుట్టినరోజు లడ్డూలతో షుగర్ రోగుల పాట్లు సరేసరి. "ఇది మీకు, రోగికి పెట్టొద్దు" అని ఇచ్చేటప్పుడు ఒక్కమాట అంటే చాలు. ఆ మాట ఒడియాలో కూడా చెప్పగలిగే మనిషి వెంట ఉంటే మరీ మంచిది.

పడుకునే చోటు సంగతి బాగాలేదు. లక్ష జనాభాకు వందమంది పట్టే రాత్రి బస ఒకటి, మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఉండాలని పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన పెట్టింది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వసతి గృహాలను స్వచ్ఛంద సంస్థలే నడుపుతున్నాయి. ఇల్లు లేనివాళ్లకు అవి పెద్ద ఆసరా. రోగి వెంట వచ్చిన మనిషి మాత్రం వార్డుకు దూరంగా పడుకోలేడు, పైగా ఆధార్ కార్డు కేసు కాగితాలతో లోపలే ఉండిపోతుంది. అందుకే చెట్ల కింద, మెట్ల మీద నిద్ర. సంఘాలు డిసెంబర్‌లో దుప్పట్లు గుట్టలుగా పంచుతాయి. విశాఖ చలికి పల్చటి దుప్పటి చాలు. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, దోమలు. అప్పుడు కావలసింది ప్లాస్టిక్ చాప, దోమతెర, తాళం వేసుకునే చిన్న పెట్టె. వీటిని అద్దె లేకుండా ఇచ్చి, డిశ్చార్జి రోజున తిరిగి తీసుకుని, ఉతికి ఇంకొకరికిచ్చే ఏర్పాటు పెడితే దుప్పట్లకు పెట్టే డబ్బుతోనే చాలామందికి పని జరుగుతుంది.

రక్తదానంలోనూ ఇదే తంతు. నాయకుడి పుట్టినరోజున ఒక్కరోజే మూడొందల యూనిట్లు తీస్తారు. రక్తం 35 నుంచి 42 రోజులకు మించి నిలవదు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు మళ్లీ ఇవ్వకూడదు. అంటే నెలన్నర తర్వాత నిల్వా ఉండదు, దాతలూ ఉండరు. మే నెలలో కాలేజీల సెలవులతో శిబిరాలు ఆగిపోయి ఇంకా కటకట. ఏజెన్సీ నుంచి వచ్చే సికిల్ సెల్ పిల్లలకు, తలసేమియా పిల్లలకు ఆ నెలలోనూ రక్తం కావాలి. వారానికి ముప్పై, నలభై మందిని మాత్రమే పిలిచే సంఘాలే నిజంగా ఆదుకుంటున్నాయి. ఇక వాట్సాప్‌లో "అర్జెంట్ ఓ నెగెటివ్" సందేశాలు: తేదీ, వార్డు లేనివి ముందుకు పంపకండి. రక్తం దొరగ్గానే "దొరికింది" అని అదే గ్రూపులో పెట్టించండి. లేకపోతే ఆ సందేశం నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది, నిజంగా అవసరమైనవాళ్ల మాట వినేవాళ్లుండరు.

కాగితాలు చదివిపెట్టే సాయం అన్నిటికన్నా తక్కువగా దొరుకుతోంది, విలువ మాత్రం దానికే ఎక్కువ. స్కానింగ్ ఎక్కడ, ఎన్టీఆర్ వైద్యసేవకు ఏ కార్డు జిరాక్సు, గిరిజనులైతే ఎస్టీ సెల్ ఏ వైపు, మనిషి పోతే ఉచిత మహాప్రస్థానం బండికి ఎవరిని అడగాలి... ఇవి చెప్పడానికి ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఓపీ దగ్గర ఇద్దరు కూర్చుంటే చాలు. రిటైరైన ఉద్యోగులకు ఇది తగిన పని.

మొత్తంమీద మా మార్కులు: మధ్యాహ్న భోజనానికి 5కు 4, రాత్రి భోజనానికి 1, పడకకు 1, రక్తానికి 3, దారి చూపే సాయానికి 2. డబ్బు ఇవ్వదలచుకుంటే సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు, కిందటేడు ఆడిట్ కాగితం అడగండి, చూపించని చోట ఆగండి. 2,000 రూపాయలు దాటితే నగదు ఇవ్వకండి, పన్ను మినహాయింపు రాదు. సరుకే ఇస్తామంటే ముందురోజు ఫోన్ చేసి, రేపు ఇంకెవరు వస్తున్నారో, ఏ పూట ఖాళీగా ఉందో కనుక్కోండి. మధ్యాహ్నం ఇప్పటికే నిండిపోయి ఉంటే మీ బియ్యాన్ని రాత్రి వంటకు వాడమనండి.