వూ వూ కచేరీ కోసం పోలండ్ వెళ్లేవారికి: హాళ్లు, బసలు, రైళ్లు

పోలండ్ రాక్ జట్టు వూ వూ పాట నిడివి రికార్డులో ఒకటి, స్టేజీ మీద ఇంకొకటి. వొయ్‌చెహ్ వాగ్లెవ్‌స్కి గిటారు మీద ఎత్తుకున్న చిన్న ముక్కను మతేఉష్ పొస్పియెషాల్‌స్కి శాక్సఫోన్‌తో అందుకుంటాడు. కింద కరీమ్ మర్తుసెవిచ్ బాస్ అదే మెలికను వదలకుండా తిప్పుతూ ఉంటుంది. మన పాట కచేరీలో కల్పనస్వరాలు కృతిని పెంచినట్టే ఇక్కడా పాట రెండింతలు సాగడం మామూలే. 1985 నుంచి నడుస్తున్న జట్టు ఇది. పునాది రాక్, మనోధర్మం జాజ్, బాణీల్లో చాలావరకు జానపదం. 2009లో ఉక్రెయిన్ జట్టు హైదమాకితో కలిసి ఒక ఆల్బమే చేశారు. ఇలా అప్పటికప్పుడు పెరిగే సంగీతాన్ని ఏ హాల్లో వింటున్నామన్నది చాలా తేడా తెస్తుంది. కాబట్టి ముందు హాలు చూసుకుని, ఆ తర్వాతే ఊరు, బస ఖాయం చేసుకోవాలి.

టికెట్ కొనేముందు సీట్ల రకం చూడాలి. 'శెజొంట్సె' అని ఉంటే కుర్చీలు, 'స్తోయొంట్సె' అని ఉంటే నిలబడి వినాలి. వార్సాలో స్తొదొవా లాంటి పెద్ద విద్యార్థి క్లబ్బుల్లో ఎక్కువగా నిలబడే కచేరీలే. ఊపు బాగుంటుంది కానీ, స్టేజీ ముందు వరుసల్లో డ్రమ్స్, గిటారు యాంప్ నేరుగా చెవిలో పడి శాక్సఫోన్ మసకబారుతుంది. సౌండ్ ఇంజనీరు బల్లకు కాస్త ముందు, మధ్యలో నిలబడితే నాలుగు వాద్యాలూ విడివిడిగా వినిపిస్తాయి, ఎందుకంటే ఆయన ఆ చోటి నుంచే వింటూ సరిచేస్తాడు. ఇయర్‌ప్లగ్స్ జేబులో ఉండాల్సిందే.

ఈ జట్టుకు మాత్రం కుర్చీల హాలుకే మా ఓటు. జిల్లా స్థాయి ఊళ్లలోని సాంస్కృతిక కేంద్రాల్లో మూడు నాలుగు వందల మంది పట్టే హాళ్లు ఉంటాయి. అక్కడ టికెట్ తరచూ నగరం క్లబ్బు కన్నా చవక, నిశ్శబ్దం కూడా ఎక్కువ. చిక్కల్లా తిరుగు ప్రయాణమే. కచేరీ పది దాటాక ముగిస్తే చివరి రైలు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. చిన్న ఊరు ఎంచుకుంటే ఆ రాత్రి గది అక్కడే తీసుకోవాలి.

టికెట్ మీద రెండు సమయాలుంటే మొదటిది తలుపులు తెరిచే వేళ, రెండోది కచేరీ మొదలయ్యే వేళ. శీతకాలంలో కోటు లోపలికి తీసుకెళ్లనివ్వని హాళ్లు ఉన్నాయి. 'షాత్‌న్యా' అనే కోట్ల గదిలో ఇచ్చి బిళ్ల తీసుకోవాలి, దానికి కొన్ని జ్వోతీల (పోలండ్ డబ్బు) చిల్లర నాణేలు ఉంచుకోవడం మేలు. దేశమంతా కార్డు నడిచినా, సరిగ్గా ఈ కౌంటర్ దగ్గరే కొన్నిచోట్ల నడవదు. పెద్ద బ్యాక్‌ప్యాక్‌ను గేటు దగ్గరే ఆపుతారు. స్టేషను నుంచి సూట్‌కేసుతో నేరుగా వచ్చేవాళ్లు ముందు దాన్ని స్టేషన్ లాకర్లో పెట్టి రావాలి. ముగిశాక అందరూ ఒక్కసారే కోట్ల కోసం వరుస కడతారు, అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. చివరి రైలో బస్సో ఉన్నవాళ్లు ఆఖరి పాటకు ముందే లేవాలి, లేదా కోటు లేకుండా వచ్చి చలికి సిద్ధపడాలి.

వార్సాలో బసకు పాత పట్నం అందంగా ఉంటుంది కానీ కచేరీ యాత్రకు అంత సౌకర్యం కాదు. మెట్రో ఎం1 లైను మీద ఏదో ఒక స్టేషను దగ్గర గది తీసుకోవడం మంచిది. స్తొదొవాకు పొలె మొకొతొవ్‌స్కియె స్టేషన్లో దిగి కొద్ది నిమిషాలు నడవాలి. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రి బాగా పొద్దుపోయేదాకా తిరుగుతుంది, మిగతా రోజుల్లో త్వరగా ఆగుతుంది. ఆ తర్వాత ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సులు కేంద్ర రైల్వే స్టేషన్ ముందు నుంచి బయల్దేరతాయి. షొపెన్ విమానాశ్రయం నుంచి 175 బస్సు గానీ లోకల్ రైలు గానీ నగరంలోకి తెస్తుంది, టాక్సీ అక్కర్లేదు. బస్సు ఎక్కగానే కాగితం టికెట్‌ను మెషిన్లో గుద్దాలి. టికెట్ కొని గుద్దకపోతే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా తప్పదు.

క్రకోవ్‌లో సంగతి వేరు. వూ వూకు దగ్గరి చుట్టాల్లాంటి జట్లు కొన్ని ఇక్కడివే. 1992లో మొదలైన క్రోకె త్రయం తూర్పు ఐరోపా యూదుల జానపదమైన క్లెజ్మర్ బాణీని జాజ్‌తో కలిపింది, 2003లో వయొలినిస్టు నైజెల్ కెన్నెడీతో ఆల్బమ్ చేసింది. 1988లో మొదలైన యూదు సంస్కృతి ఉత్సవం వేసవిలో కజీమియెష్ పేటలో జరుగుతుంది. అదే పేటలో ప్లత్స్ నోవి పక్కన ఎస్తెరి వీధిలో అల్కెమియా ఉంది. పైన బారు, కింద నేలమాళిగలో కచేరీ. చోటు చిన్నది, ఊపిరాడనంత వేడి. స్తంభం వెనక చిక్కితే సంగీతకారులు కనిపించరు, కాబట్టి తలుపు తెరిచే వేళకే వెళ్లాలి.

గది కూడా ఆ పక్కనే తీసుకుందామనిపిస్తుంది. వారాంతంలో ప్లత్స్ నోవి చుట్టూ తెల్లవారుజాము దాకా గోలే. లోపలి పెరటి వైపు కిటికీ ఉన్న గది అడిగి తీసుకోండి, లేదా విస్తులా నది దాటి పొద్‌గూజె పేటకు వెళ్లండి. 2010లో కట్టిన బెర్నాత్కా కాలివంతెన మీదుగా పది నిమిషాల నడక. అక్కడ గదులు కొంచెం చవక, నిద్ర చాలా మెరుగు. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, పెద్దవాళ్లతో వెళ్తే ఎన్నో అంతస్తో ముందే అడగాలి.

కజీమియెష్ పేరుతో రెండు చోట్లున్నాయి. పైన చెప్పింది క్రకోవ్ పేట. కజీమియెష్ దోల్నీ వేరే, లుబ్లిన్ వైపు విస్తులా ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 1967 నుంచి జానపద జట్ల, గాయకుల జాతీయ ఉత్సవం అక్కడే. జానపదాన్ని రాక్, జాజ్‌లతో కలిపే జట్ల వెనకున్న అసలు బాణీలను పల్లె ఫిడేలు వాళ్ల దగ్గర నేరుగా వినొచ్చు. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, పువావి దాకా రైల్లో వచ్చి బస్సు పట్టాలి. జూన్ ఆఖరులో గదులు నెలల ముందే అయిపోతాయి. అప్పుడు పువావిలో ఉండి వచ్చిపోవడమే దారి, ఆఖరి బస్సు వేళ ఫోటో తీసుకుని మరీ.

వార్సా, క్రకోవ్ మధ్య వేగమైన ఇఐపి రైలు సుమారు రెండున్నర గంటలు తీసుకుంటుంది, టికెట్ ముందే కొంటే ధర బాగా తగ్గుతుంది. సాధారణ ఇంటర్‌సిటీ రైలు ఇంకా చవక, ఆలస్యం మాత్రం ఉంటుంది. కచేరీ రోజు మధ్యాహ్నం రైలును నమ్ముకోవద్దు, ఉదయమే చేరుకోవాలి. స్టేషన్లో బోర్డు మీద 'పెరొన్', 'తోర్' అని రెండు అంకెలుంటాయి. ఒకటి ప్లాట్‌ఫారం, రెండోది పట్టాల నంబరు. రెండోదాన్ని ప్లాట్‌ఫారం అనుకుని తప్పు చోట నిలబడి రైలు పోగొట్టుకోవడం కొత్తవాళ్లకు మామూలే.

పొల్ అండ్ రాక్ అనే ఆరుబయలు ఉత్సవానికి ప్రవేశం ఉచితం. 1995లో మొదలై 2018లో పేరు మార్చుకుంది. 2022 నుంచి చాప్లినెక్ దగ్గర బ్రొచినొ ఎయిర్‌ఫీల్డులో జరుగుతోంది. పగలు నీడ లేదు, రాత్రి ఆగస్టులోనూ చలే. సొంత డేరా, రెయిన్‌కోటు, మందపాటి చాప ఉండాలి. గాజు సీసాలు తేనివ్వరు. శాకాహారులకు ఒక సంతోషం: ఏళ్ల తరబడి అక్కడ హరేకృష్ణ వాళ్లు వేడి శాకాహారం చవగ్గా పెడుతున్నారు. జట్టు సంగీతాన్ని శ్రద్ధగా వినడానికి మాత్రం ఈ చోటు పనికిరాదు, లక్షల మంది మధ్య సూక్ష్మాలు గాలికి పోతాయి.

నగరాల్లో తిండికి మిల్క్ బార్లు అనే సాదా క్యాంటీన్లు చవక, కానీ చాలావరకు సాయంత్రమే మూసేస్తారు. అందుకే కచేరీకి ముందే తినాలి. బంగాళదుంప, పనీరు లాంటి చీజ్ పెట్టిన పియెరొగి రుస్కియె శాకాహారమే, అయితే పైన పంది కొవ్వు వేయించిన ముక్కలు చల్లుతారు. 'బెజ్ స్క్వారెక్', అంటే ఆ ముక్కలు వద్దని ముందే చెప్పాలి. బీట్‌రూట్ బర్ష్చ్ సూప్‌లో మాంసం మరిగించిన నీళ్లుండొచ్చు, జూరెక్ అనే పుల్లటి సూప్‌లో సాసేజ్ ఖాయం. కచేరీ తర్వాత ఆకలేస్తే ప్లత్స్ నోవిలో పుట్టగొడుగులు, చీజ్ వేసి కాల్చిన పొడవాటి బ్రెడ్డు, జపియెకాంకా, అర్ధరాత్రీ దొరుకుతుంది. చాలా ఆదివారాలు పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి, నీళ్లు, పళ్లు శనివారమే కొనుక్కోవాలి.

కార్డు మెషిను గానీ ఏటీఎం గానీ రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దనండి, జ్వోతీలే ఎంచుకోండి. రూపాయల రేటు ఎప్పుడూ నష్టమే. కచేరీ అయ్యాక హాలు వాకిట్లో సీడీలు, ఎల్పీలు అమ్ముతారు. ఎల్పీ కవరు 31 సెంటీమీటర్ల పైన ఉంటుంది, దాన్ని చెకిన్ సామానులో వేస్తే అంచులు నలుగుతాయి, ఒక్కోసారి రికార్డే వంగుతుంది. రెండు అట్టల మధ్య పెట్టి క్యాబిన్ బ్యాగులో నిలువుగా దించండి.