ఓపెన్‌ఎల్‌డ్యాప్‌తో ఏడేళ్లు: 501వ మనిషికి క్యాబ్ రాలేదు

రాయదుర్గంలోని మా ఆఫీసులో ఓపెన్‌ఎల్‌డ్యాప్ (సిబ్బంది పేర్లు, లాగిన్లు ఒకేచోట దాచే ఉచిత డైరెక్టరీ సర్వర్) పెట్టి ఏడేళ్లు దాటింది. నాకు 500 అనే అంకె మీద కోపం. ఆ సంగతే రాస్తున్నాను.

ముందు మంచి మాట. వైఫై, వీపీఎన్, గిట్, లినక్స్ సర్వర్లు అన్నిటికీ లాగిన్ ఇదే. చిన్న వర్చువల్ మెషీన్ మీద నడుస్తోంది, ఇన్నేళ్లలో తనంతట తాను ఒక్కసారీ పడిపోలేదు.

2019లో మా సిబ్బంది 500 దాటారు. నైట్ షిఫ్టు క్యాబ్ రోస్టర్ కోసం ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల స్క్రిప్టు రోజూ సాయంత్రం ఎల్‌డ్యాప్ నుంచి అందరి పేర్లూ లాగుతుంది. కొత్తగా చేరినవాళ్లలో కొందరికి క్యాబ్ రావట్లేదని టికెట్ వచ్చింది. మేనేజర్ అకౌంటుతో వెతికాను. 511 మంది, ఒక్కరూ తగ్గలేదు. వాళ్ల లాగిన్లూ బాగానే ఉన్నాయి. ‘మా వైపు సమస్య లేదు’ అని రాసి టికెట్ మూసేశాను. మళ్లీ తెరిచారు, మళ్లీ మూశాను. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు హెచ్‌ఆర్‌ని, హెచ్‌ఆర్ వాళ్లు మమ్మల్ని అనుకుంటూ రెండు వారాలు గడిచాయి. మధ్యలో ఒకాయన ఉద్యోగం మానేశాడు. ఆయన ఎంట్రీ తీసేసిన సాయంత్రమే, క్యాబ్ లేనివాళ్లలో ఒకతనికి ఎవరూ ఏమీ చేయకుండానే క్యాబ్ వచ్చేసింది! సరే, దానంతటదే సర్దుకుంటోందిలే అనుకున్నాం.

ఆఖరికి ఒకమ్మాయి నేరుగా నా సీటు దగ్గరికే వచ్చింది. “అన్నా, సిస్టంల నా పేరుందంటున్నరు. మరి రాత్రి మూడింటికి ఉప్పల్ దాకా నేనెట్ల పోవాలె?”

అప్పుడు గానీ ఆ స్క్రిప్టు వాడే అకౌంటుతోనే వెతికి చూడాలని నాకు తట్టలేదు. లాగ్‌లో కనిపించింది: ‘ఎర్ర్=4 ఎన్‌ఎంట్రీస్=500’, అంటే పరిమితి దాటింది, 500 ఎంట్రీలే ఇచ్చాను అని. ఒక్క వెతుకులాటకు 500 ఎంట్రీలకు మించి ఇవ్వకపోవడం స్లాప్‌డీ (ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్ ప్రోగ్రామ్) డిఫాల్ట్. నేను వాడిన మేనేజర్ అకౌంటుకు, అంటే రూట్‌డీఎన్‌కు మాత్రం ఏ పరిమితీ లేదు. అంటే పరీక్షించే నాకు అందరూ కనిపిస్తారు, వాడుకునేవాళ్లకు కనిపించరు. మాకు ఎంట్రీలు చేర్చిన వరుసలోనే వచ్చేవి కాబట్టి, దెబ్బ ఎప్పుడూ కొత్తవాళ్లకే. పాతవాళ్లలో ఒకరు పోతే వెనక నుంచి ఒకరు జాబితాలోకి జరిగేవారు.

జాబితాను ఒకేసారి కాక పేజీలుగా అడిగితే గండం గట్టెక్కుతుందనుకున్నాను. మైక్రోసాఫ్ట్ వాళ్ల యాక్టివ్ డైరెక్టరీలో పేజీకి వెయ్యి చొప్పున అలాగే లాగొచ్చు మరి. ఇక్కడ పేజీలన్నీ కలిపినా అదే 500. స్క్రిప్టు వాడే అకౌంటుకు పరిమితి పెంచుతూ విడిగా ఓఎల్‌సీలిమిట్స్ అనే సెట్టింగు రాయాల్సి వచ్చింది.

నిజానికి సర్వర్ ఎర్రర్ ఇస్తూనే ఉంది, స్క్రిప్టు దాన్ని పట్టించుకోలేదు. మాన్యువల్లోనూ ఉంది, నేను చదవలేదు. అయినా నా కోపం తగ్గలేదు. ఒక్కసారీ పడిపోలేదని పైన మెచ్చుకున్నాను కదా, పడిపోయి ఉంటే ఒక్క పూటలో దొరికేది.

ఒకటి ఒప్పుకోవాలి. సెట్టింగులనూ డైరెక్టరీలోనే ఉంచే సీఎన్=కాన్ఫిగ్ పుణ్యమా అని రీస్టార్ట్ లేకుండానే సరిచేశాను. కాకపోతే మార్పులు రాసిచ్చే ఎల్‌డిఫ్ ఫైల్లో వరుస మొదట ఒక్క ఖాళీ ఎక్కువ పడితే దాన్ని పై వరుసకు అతికించేసుకుంటుంది. మొదటి ప్రయత్నం అలాగే పోయింది.

2024 జూన్‌లో మా సర్వర్ మీది లినక్స్, సెంట్‌ఓఎస్ 7 గడువు ముగియడంతో ఓపెన్‌ఎల్‌డ్యాప్ 2.4 నుంచి 2.5కి మారాం. 2.5లో డేటా దాచే పాత పద్ధతి హెచ్‌డీబీని తీసేశారు, కాబట్టి స్లాప్‌క్యాట్‌తో దించి స్లాప్‌యాడ్‌తో ఎక్కించాలి. ఒక శనివారం పట్టింది. పనిలో పనిగా అప్లికేషన్ల అకౌంట్లను కొత్త కొమ్మ కిందికి మార్చాను. లిమిట్ మాత్రం పాత డీఎన్ (డైరెక్టరీలో అకౌంటు పూర్తి చిరునామా) మీదే ఉండిపోయింది. సోమవారం సాయంత్రం ట్రాన్స్‌పోర్ట్ నుంచి ఫోన్: “సార్, మళ్లీ ఐదొందలే వచ్చినయ్.” ఈసారి ఇరవై నిమిషాల్లో తేలింది.

పెట్టుకోవచ్చా అంటే, మావి దాదాపు అన్నీ లినక్స్ మెషీన్లు, లైసెన్సులకు డబ్బు అడిగితే మా వాళ్లు ముఖం తిప్పేసుకుంటారు, నాకేమో ఎల్‌డిఫ్ అలవాటైపోయింది. అందుకని నేనైతే మార్చను. విండోస్ ఎక్కువున్న ఆఫీసైతే యాక్టివ్ డైరెక్టరీయే నయం. రెడ్‌హ్యాట్ లినక్స్ వాడేవాళ్లకు వెర్షన్ 8 నుంచి ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్ ప్యాకేజీ ఇవ్వడం లేదు, వాళ్లు ‘389 డైరెక్టరీ సర్వర్’ అనే మరో సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. నా తర్వాత ఈ సీట్లో కూర్చునే కుర్రాడు నన్ను ఏమని తిట్టుకుంటాడో మరి.