అడోబ్ కలర్: ఒక కలంకారీ చీర ఫొటోతో చేసిన పరీక్ష

తిరుపతిలోని ఒక చీరల దుకాణానికి వెబ్‌సైట్ తయారుచేసే పని ఈమధ్య నాకు వచ్చింది. అక్కడ అమ్మేవి ఎక్కువగా శ్రీకాళహస్తి కలంకారీ చీరలే కనుక, సైట్ రంగులను కూడా ఆ బట్ట నుంచే తీసుకుందామని అడోబ్ కలర్‌ను వాడాను. 2006లో కూలర్ అనే పేరుతో మొదలైన ఈ సాధనం బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కరలేదు, రంగులను దాచుకోవాలంటే మాత్రం లాగిన్ కావాలి.

ఫొటో ఎక్కిస్తే అందులోంచి ఐదు రంగులను ఏరి ఇస్తుంది. దుకాణంలో పసుపు దీపాల కింద నేను తీసిన మొదటి ఫొటో నుంచి అన్నీ మట్టి రంగులే వచ్చాయి. ఆ తప్పు నాదే. అదే చీరను పొద్దున గుమ్మం దగ్గర నీడలో పరచి మళ్లీ తీసినప్పుడు, కరక్కాయ కలిపిన పాలలో నానిన బట్టకుండే మీగడ రంగు, బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి తీసే నలుపు, ఎరుపు, ఆవపసుపు, నీలం వేటికవి విడిగా కనిపించాయి. ఎలాంటి రంగులు ఏరాలో చెప్పే ఎంపికల్లో, మెత్తని రంగులిచ్చే మ్యూటెడ్ వరుస ఈ ఫొటోకు చక్కగా నప్పింది. మెరిసే రంగులిచ్చే బ్రైట్ ఎంచుకున్నప్పుడు చీర గంగజాతర వేషం కట్టినట్లయింది.

ఈ సాధనంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది కాంట్రాస్ట్ చెకర్, అంటే అక్షరం రంగుకూ వెనక రంగుకూ ఉన్న తేడాను నిష్పత్తిగా చూపేది. మీగడ రంగు మీద ధరలను ఆవపసుపులో వేసి, ఎంత పొందికగా ఉందో అని మురిసిపోయాను. చెకర్ సుమారు 1.8 చూపింది. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఏఏ స్థాయి మామూలు అక్షరాలకు కోరేది కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3. ధరలను ఎరుపులోకి మార్చాక అది 5.5 దాటింది. రంగులు ఒకదానితో ఒకటి కలిసిపోయినంత మాత్రాన అక్షరం కంటికి ఆనదన్న సంగతి అంకెల్లో చూస్తే గాని నాకు తలకెక్కలేదు. వర్ణాంధత ఉన్నవారికి ఆ రంగులెలా కనిపిస్తాయో చూపే పేజీ కూడా ఉంది. దాన్ని చూశాకే సరుకు ఉందో లేదో తెలిపే ఆకుపచ్చ, ఎరుపు చుక్కల పక్కన మాటలు చేర్చాను.

అయితే ఐదు రంగులూ సమానమైన పట్టీలుగా వస్తాయి, ఏది ఎంత వాడాలన్నది మనమే తేల్చుకోవాలి. చీరలో సింహభాగం మీగడ రంగుదే, నలుపు సన్నని గీతగా ఉంటుంది, నీలం అక్కడక్కడా మెరుస్తుంది. ఆ లెక్కనే పేజీ నేపథ్యానికి మీగడ, రాతకు నలుపు, బటన్లకు ఎరుపు ఇచ్చి, నీలాన్ని లోగో అంచుకు పరిమితం చేశాను. అంతా చూసిన యజమాని అడిగింది ఒక్కటే: "నీలం యాడుంది సామీ?"