జాగ్రత్త: గోవా క్యాసినో ప్యాకేజీలో ఇచ్చే ‘ఫ్రీ చిప్స్’ పోకర్ టేబుల్ మీద చెల్లవు (తిరుపతి, చిత్తూరు వాళ్ళు అడ్వాన్సు కట్టేముందు చదవండి)

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న గోవా ప్యాకేజీ మెసేజ్ దాదాపు ఒకే అచ్చులో ఉంటోంది. రెండు రాత్రులు హోటలు, ఒక రాత్రి క్యాసినో షిప్పు, తిండీ తాగుడూ లోపలే, చివర్లో ‘మూడు వేల రూపాయల చిప్స్ ఫ్రీ, లైవ్ పోకర్ కూడా ఆడొచ్చు అన్నా’ అని ఒక ముక్క. ఆ ముక్క నమ్మి డబ్బు కట్టినవాళ్ళు షిప్పెక్కాక నెత్తి పట్టుకుంటున్నారు. ఆ చిప్స్ పోకర్ గదిలో తీసుకోరు. అవి తీసుకునే టేబుల్ మీద జరిగేది అసలు పోకర్ కాదు. అసలు పోకర్ జరిగే గదిలో అన్నిటికన్నా చిన్న టేబుల్ కూడా మన జేబుకి పెద్దదే. ఏజెంటు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలా అమ్మేది ఒక్కరే కాదు కాబట్టి మోసం ఎక్కడుందో తెలిస్తే ఎవరి దగ్గరైనా పనికొస్తుంది.

ముందు ఆ ఫ్రీ చిప్స్ సంగతి. వాటిని ‘వన్ టైమ్ ప్లే’ అంటారు. కౌంటర్‌లో ఇచ్చి నగదు చేసుకోవడం కుదరదు. ఒక్కసారి పందెం కాయొచ్చు. గెలిస్తే గెలుపు మొత్తాన్ని మామూలు చిప్స్‌లో ఇస్తారు, కూపన్ మాత్రం వాళ్ళే తీసేసుకుంటారు. ఓడితే ఎలాగూ పోయింది. ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రం మీద ఎరుపు కాస్తే 37 గడుల్లో 18 మనవి. అంటే మూడు వేల కూపన్ అసలు విలువ 3,000 గుణించు 18 బై 37, సుమారు 1,460 రూపాయలు. ప్యాకేజీ ధరలోంచి మూడు వేలు తీసేసి ‘ఇంత చవకా’ అనుకోకండి. తీయాల్సింది ఆ 1,460 మాత్రమే. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఎంట్రీ ధర ఎక్కువ, కూపన్ మాత్రం చాలాసార్లు అంతే ఉంటుంది. అది కూడా చూసుకోండి.

ఇక పోకర్ అనే పేరుతో చూపించే టేబుల్. త్రీ కార్డ్ పోకర్, క్యారిబియన్ స్టడ్, క్యాసినో హోల్డెమ్ అని బోర్డు ఉంటుంది. ఇవన్నీ ఇంటి మీద, అంటే క్యాసినో మీద ఆడే ఆటలు. త్రీ కార్డ్ పోకర్ చూస్తే మన మూడు ముక్కలాటలాగే అనిపిస్తుంది. కానీ పక్కవాడితో మీకు సంబంధమే లేదు, మీ మూడు ముక్కలకీ డీలర్ మూడు ముక్కలకీ మధ్యే పోటీ. ఆట మొదట్లో పెట్టే పందెం, అంటే యాంటీ మీద సగటున సుమారు 3.4 శాతం క్యాసినోకి మిగిలేలా ఆ ఆట కట్టి ఉంటుంది. క్యారిబియన్ స్టడ్‌లో అది సుమారు 5.2 శాతం. ఎంత బాగా ఆడినా ఆ లెక్క దాటలేరు. గుర్తుపట్టడం తేలికే. టేబుల్ అర్ధచంద్రంలా ఉండి, అందరూ డీలర్ వైపే కూర్చుని, గుడ్డ మీద ‘యాంటీ’, ‘ప్లే’, ‘బోనస్’ అని గుండ్రాలు అచ్చేసి ఉంటే అది క్యాసినో ఆట. అసలు పోకర్ టేబుల్ కోలగా ఉంటుంది. చుట్టూ తొమ్మిది మంది దాకా కూర్చుంటారు, ‘డీలర్’ అని రాసిన తెల్ల బిళ్ళ ఒక్కో ఆటకి ఒక్కో మనిషి ముందుకి జరుగుతుంది. పాట్, అంటే అందరూ పెట్టిన పందేల కుప్ప, పెరిగే కొద్దీ డీలర్ అందులోంచి కొన్ని చిప్స్ తీసి టేబుల్‌కున్న సందులో వేస్తుంటాడు.

ఇంకొక మెలిక. గోవా చట్టంలో టేబుల్ ఆటలకి అనుమతి ఇచ్చింది నీటి మీద ఉండే ఓడలకి. ఫైవ్ స్టార్ హోటళ్ళకి ఇచ్చింది స్లాట్ మిషన్లకీ ఎలక్ట్రానిక్ ఆటలకీ. ‘హోటల్ క్యాసినోలో లైవ్ పోకర్’ అని ప్యాకేజీలో రాస్తే, మాండోవి నదిలో ఏ ఓడ, ఆ ఓడలో పోకర్ గది విడిగా ఉందా అని తేల్చుకోకుండా డబ్బు కట్టకండి. వయసు 21 నిండాలి. ఒరిజినల్ గుర్తింపు కార్డు కావాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తామంటే జెట్టీ దగ్గరే ఆపేస్తారు.

ఇప్పుడు అసలు టేబుల్. డబ్బు పోయేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి.

మొదటిది బ్లైండ్లు, రేక్. బోర్డు మీద 100/200 అని ఉందనుకుందాం. చిన్న బ్లైండ్ వంద, పెద్ద బ్లైండ్ రెండొందలు. కార్డులు చూడకముందే వంతులవారీగా ఇద్దరు కట్టి తీరాల్సిన పందేలు ఇవి. సంక్రాంతికి ఇంట్లో పది రూపాయల ఆట ఆడేవాళ్ళకి ‘వందే కదా’ అనిపిస్తుంది. తొమ్మిది మంది టేబుల్‌లో ఒక్క చుట్టు తిరిగేసరికి మీరు కట్టేది 300. గంటకి 30 ఆటలు పంచితే మూడుంపావుకి పైగా చుట్లు. అంటే ఒక్క ముక్క ఆడకుండా, మంచి కార్డులు రావాలని చేతులు కట్టుకుని కూర్చున్నా గంటకి వెయ్యి రూపాయలు. బ్లైండ్లు మనుషుల మధ్యే తిరుగుతాయి, మళ్ళీ గెలుచుకోవచ్చు. రేక్, అంటే పాట్‌లోంచి క్యాసినో తీసుకునే కోత, అలా కాదు, సందులో పడిందంటే తిరిగి రాదు. 5 శాతం రేక్ అనుకోండి. సగటు పాట్ మూడు వేలైతే 150. గంటలో 20 ఆటలకి కోత పడితే టేబుల్ మీది నుంచి మూడు వేలు, తలా 333. ఆరు గంటలు కూర్చుంటే మీ వాటా రెండు వేలు, అంటే పది పెద్ద బ్లైండ్లు. డీలర్ టిప్పు విడి. పెద్ద టేబుళ్ళలో రేక్‌కి గరిష్ఠం ఉంటుంది కాబట్టి పెద్ద పాట్ మీద శాతం తగ్గిపోతుంది. చిన్న టేబుల్‌లో పాట్ ఆ గరిష్ఠం దాకా పోదు, కాబట్టి ప్రతి పాట్ మీదా పూర్తి శాతం కోత పడుతుంది. చిన్న ఆటలో నెగ్గడం కష్టమయ్యేది ఇందుకే. శాతం ఎంత, గరిష్ఠం ఎంత, మూడు ముక్కలు తెరవకముందే ఆట ముగిస్తే కోత ఉందా అని కూర్చునేముందే అడగండి. దాచాల్సిన సంగతి కాదు, చెప్తారు.

రెండోది స్ట్రాడిల్. పెద్ద బ్లైండ్ పక్కన కూర్చున్నవాడు కార్డులు చూడకముందే 400 పెడతాడు. ఇక ఆ ఆటలో చేరాలంటే కనీసం 400. మీరు 20,000 తెచ్చుకుంటే 100/200లో అది వంద బ్లైండ్లు. ప్రతిసారీ స్ట్రాడిల్ నడిచే టేబుల్‌లో యాభైకి పడిపోతుంది. 10,000తో కూర్చుంటే పాతికే. పాతిక బ్లైండ్లతో ఒకటి రెండు పందేలకే ఉన్నదంతా లోపలికి తోయాల్సి వస్తుంది. బోర్డు చూసి కాదు, రెండు చుట్లు వెనక నిలబడి చూసి కూర్చోండి.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదమైనది, ఆట మారడం. మీరు నేర్చుకుని వెళ్ళింది రెండు ముక్కల హోల్డెమ్. అక్కడ చాలా టేబుళ్ళలో నడిచేది నాలుగు లేదా అయిదు ముక్కల ఒమాహా, అదీ పాట్ లిమిట్. పాట్‌లో ఎంతుందో అంత దాకా పెంచొచ్చు. 100/200లో మొదటి పెంపు 700 దాకా పోతుంది. బ్లైండ్లు కట్టిన ఇద్దరితో కలిపి నలుగురు 700 చొప్పున పెడితే పాట్ 2,800. మూడు ముక్కలు తెరిచాక మీరు 2,800 పెట్టి ఇంకొకరు అంతే కట్టి వస్తే 8,400. నాలుగో ముక్కకి 8,400 పెట్టి ఆయన మళ్ళీ వస్తే 25,200. అప్పటికి మీ జేబులోంచి పోయింది 11,900, ఇరవై వేలలో మిగిలింది 8,100. ఆఖరి ముక్కకి అదీ లోపలే. ఇంత జరగడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. పైగా ఒమాహాలో చేతిలో కచ్చితంగా రెండు ముక్కలే వాడాలి, టేబుల్ మీద కచ్చితంగా మూడు. చేతిలో ఒక్క ఏస్ స్పేడ్ పెట్టుకుని కింద నాలుగు స్పేడ్లు కనిపించగానే ఫ్లష్ (ఒకే గుర్తున్న అయిదు ముక్కలు) అనుకుంటారు కొత్తవాళ్ళు. అది ఫ్లష్ కాదు.

టేబుల్ పద్ధతులు తెలియక పోయే డబ్బు కూడా తక్కువేం కాదు. పెంచాలనుకుంటే చిప్స్ ముట్టుకోకముందే ‘రెయిజ్’ అని నోటితో చెప్పాలి. ముందున్న పందెం 200 అయినప్పుడు మాట్లాడకుండా ఒక్క వెయ్యి బిళ్ళ వేస్తే దాన్ని కాల్‌గానే, అంటే ముందు పందెంతో సమానం చేసినట్టుగానే, లెక్కేసి 800 వెనక్కి ఇస్తారు. కొన్ని వేసి మళ్ళీ చెయ్యి వెనక్కి పోనిచ్చి ఇంకొన్ని తెస్తే రెండోసారి వేసినవి చెల్లవు. మీ ముక్కల మీద ఒక బిళ్ళ బరువుగా పెట్టుకోండి, లేకపోతే డీలర్ పొరపాటున చెత్త ముక్కల్లో కలిపేయొచ్చు, కలిశాక మీ ఆట లేనట్టే. చివర్లో ముక్కలన్నీ తిప్పి టేబుల్ మీద పరచండి, పాట్ మీ వైపు తోసేదాకా వాటిని డీలర్‌కి ఇచ్చేయకండి. పుత్తూరు నుంచో పలమనేరు నుంచో నలుగురు కలిసి వెళ్ళి ఒకే టేబుల్‌లో కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటే డీలర్ ఆపుతాడు, చాలా గదుల్లో ఆట నడుస్తుండగా ఆ గది ఒప్పుకున్న భాషలోనే మాట్లాడాలి. స్నేహితుడి ముక్కలు చూసి సలహా చెప్పడం ఎక్కడా ఒప్పుకోరు.

‘మనవాళ్ళు టేబుల్‌లోనే ఉంటారు, మీకు తోడుంటారు’ అని ఏజెంటు చెప్తే ఆ టేబుల్‌కి దూరంగా ఉండండి. జట్టుగా ఆడేవాళ్ళ తీరు ఇలా ఉంటుంది: ఒకడు పందెం వేస్తాడు, మీరు వస్తారు, రెండోవాడు పెంచుతాడు, మొదటివాడు ఇంకా పెంచుతాడు. మధ్యలో నలిగి మీరు ముక్కలు పడేస్తారు. మీరు పోయాక ఇద్దరూ పందెం వేయకుండా చెక్, చెక్ అనుకుంటూ చివరిదాకా పోతారు. ఒకటికి రెండుసార్లు ఇది కనిపిస్తే ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచి టేబుల్ మార్చమని అడగండి, కారణం చెప్పక్కర్లేదు.

అక్కడికక్కడ అప్పిచ్చేవాళ్ళ దగ్గర, కార్డు గీకి నగదు ఇస్తామనేవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకండి. ఖాళీ చెక్కు గానీ ప్రామిసరీ నోటు గానీ ఇస్తే ఊరికొచ్చాక చెక్కు బౌన్స్ కేసు నెత్తిన పడుతుంది. ట్రిప్‌కి ముందు లాడ్జిలోనో తోటలోనో డబ్బు పెట్టి ‘ప్రాక్టీస్ టేబుల్’ అన్నా వెళ్ళకండి, 1974 నాటి మన గేమింగ్ చట్టం కింద అక్కడ దొరికినవాళ్ళ మీదా కేసే. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పోకర్ యాప్ లింకులు పంపితే, 2025లో వచ్చిన కేంద్ర చట్టం వాటిని నిషేధించింది.

పన్ను సంగతి క్లుప్తంగా. క్యాసినో మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 40. ‘ఇరవై వేలు ఇస్తే ఎన్ని వేల చిప్స్ చేతికొస్తాయి’ అని కౌంటర్‌లో ముందే అడగండి. గెలిచిన డబ్బు మీద ఆదాయపన్ను 30 శాతం, పైన సెస్సు. పోయిన డబ్బు అందులోంచి తీసి చూపడానికి చట్టం ఒప్పుకోదు.

హరిప్రియలో లోండా దాకా వెళ్ళి అక్కడ బండి మారి గోవా చేరేవాళ్ళు, చేరిన రాత్రే షిప్పు ఎక్కించే ప్యాకేజీ తీసుకోకండి. నిద్రలేక కూర్చున్నవాడి డబ్బే ముందు పోతుంది. వారాంతంలో పోకర్ సీటుకి వెయిటింగ్ లిస్టు కూడా ఉంటుంది.

అడ్వాన్సు పంపకముందు ఏజెంటుకి ఈ మెసేజ్ పెట్టి, రాతలో జవాబు వచ్చాకే డబ్బు వేయండి. కావాలంటే ఇలాగే కాపీ చేసుకోండి: ‘అన్నా, ఏ ఓడ? అందులో పోకర్ గది ఉందా? మా ఎంట్రీలో ఆ గదిలోకి పోనిస్తారా, విడిగా కట్టాలా? ప్యాకేజీ చిప్స్ నగదు అవుతాయా, వన్ టైమ్ ప్లేనా? ఆ రోజు నడిచే చిన్న టేబుల్ బ్లైండ్లు ఎంత, కనీస బై-ఇన్ (కూర్చోడానికి తేవాల్సిన డబ్బు) ఎంత, హోల్డెమా ఒమాహానా? ట్రిప్పు రద్దయితే ఎంత వెనక్కిస్తారు?’ ఫోన్‌లో ‘అన్నీ ఉంటాయిలేన్నా’ అంటే అది జవాబు కాదు.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఆ వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకండి. యూపీఐ రసీదు, ప్యాకేజీ పోస్టరు, షిప్పులో ఇచ్చిన కూపన్ ఫొటో ఒకచోట పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. ఫిర్యాదులో టేబుల్ మీద పోగొట్టుకున్న డబ్బు అడగకండి, అది రాదు. ‘పోకర్‌కి చెల్లుతాయని చెప్పి చెల్లని చిప్స్ అమ్మారు’ అని రాసి, ప్యాకేజీకి కట్టిన డబ్బు అడగండి.